నేలకు దగ్గరగా, రోడ్డుకు దూరంగా

రేసు కార్లు తయారైన కోయంబత్తూరులో కారును కిందికి దించుకోవాలన్న మోజు కుర్రకారుకు సహజమే. ఆ ముచ్చట తీరుతుందో లేదో తేల్చేది మాత్రం కొత్త స్ప్రింగు కాదు, దాని కింద ఉండే రోడ్డు

కోయంబత్తూరులోని అవినాశి రోడ్ మీద ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్ ఉంది. 2025 అక్టోబర్‌లో ప్రారంభమైన ఆ వంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. కింద పీలమేడు కాలేజీలు, ఆసుపత్రులు, బస్సుల రద్దీ. పైన విశాలమైన కాంక్రీటు దారి. టైర్ల పైఅంచు బాడీలోకి చొచ్చుకుపోయేంతగా కిందికి దించిన హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఆ దారిలో సాగిపోతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. అదే కారు వంతెన దిగి ఏ కాలనీలోకో మళ్లిందంటే నడక మారిపోతుంది. స్పీడ్ బ్రేకర్ ముందు దాదాపు ఆగిపోతుంది. ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ బతిమాలుతున్నట్టు ఎక్కిస్తుంది. అయినా అడుగున ఎక్కడో ఇనుము గీసుకున్న చప్పుడు. వెనుక ఆటో డ్రైవర్ హారన్ మోత.

నేల విడిచి సాము చేయొద్దని సామెత. ఇది నేలను అంటిపెట్టుకుని చేసే సాము. దేశంలో చాలా నగరాల్లో ఈ మోజు ఉంది. ఢిల్లీలోని కశ్మీరీ గేట్, బెంగళూరులోని జె.సి. రోడ్ లాంటి విడిభాగాల బజార్లకు ఈ పని మీద వచ్చేవారికి కొదవ లేదు. అయితే కోయంబత్తూరు సంగతి వేరు. ఇక్కడ కారును ఎందుకు దించుతారో తెలిసినవాళ్లూ ఉన్నారు, ఎంతవరకు దించాలో లెక్కలు కట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ మోజులోని మంచిచెడ్డలు తూచడానికి ఇంతకంటే తగిన ఊరు దొరకదు.

బస్సుతో మొదలై రేసు దాకా

ఈ ఊరికి మోటార్ల వాసన అంటుకుని వందేళ్లు దాటింది. ఇక్కడి పరిశ్రమలకు పునాది వేసినవారిలో తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలు ఎన్నో. జి.డి. నాయుడు (1893-1974) ఆ కోవలోని వారే. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడపడంతో మొదలైన ఆయన వ్యాపారం యూఎంఎస్ బస్సు సంస్థగా ఎదిగింది. ఆయన వారసత్వంగా వచ్చిన సంస్థ అవినాశి రోడ్‌లో నడుపుతున్న జీడీ కార్ మ్యూజియం 2015లో తెరుచుకుంది. పాత కార్లను చూస్తే ఒక విషయం ఇట్టే అర్థమవుతుంది. నాటి కార్లు ఎత్తుగా, పెద్ద చక్రాలతో, కమాన్ కట్టల మీద నిలబడేవి. బండ్ల బాటల మీద తిరగాలంటే అలా ఉండక తప్పదు. రోడ్లు బాగుపడుతున్న కొద్దీ కార్లు కిందికి దిగాయి. రోడ్డు ముందు, కారు వెనుక. ఆ వరుస తారుమారైనప్పుడే చిక్కులు వస్తాయి.

లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ రెండో అధ్యాయం. ఖరీదైన విదేశీ రేసు కార్లు కొనలేని కుర్రాళ్ల కోసం ఆయన 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్‌తో 'ఫార్ములా మారుతి' అనే ఒంటి సీటు కార్లు తయారు చేయించారు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు, కోయంబత్తూరుకు చెందిన నరేన్ కార్తికేయన్ రేసింగ్ ఓనమాలు దిద్దింది ఫార్ములా మారుతిలోనే. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయారు. ఆయన పేరిట నగరానికి దక్షిణాన చెట్టిపాళయం దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. 2003 నుంచి అక్కడ రేసులు జరుగుతున్నాయి. చుట్టూ కొబ్బరి తోటలు, మెట్ట చేలు. మధ్యలో రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ పొడవుతో మెలికలు తిరిగిన తారు పట్టీ.

రేసులు జరిగే రోజున ఈ ట్రాక్ పక్కన నిలబడితే కారును దించడంలోని అసలు ప్రయోజనం కళ్లకు కడుతుంది. అక్కడి ఒంటి సీటు కార్లు మనిషి మోకాలికి అందేంత ఎత్తులో పరుగెడతాయి. మలుపులో కారు బరువు బయటి చక్రాల మీదికి ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందన్నది కారు గరిమనాభి ఎత్తును బట్టి, చక్రాల మధ్య వెడల్పును బట్టి ఉంటుంది. గరిమనాభి కిందికి దిగితే నాలుగు టైర్లూ సమంగా పనిచేస్తాయి, పట్టు పెరుగుతుంది. సూత్రం ఇంతే. కానీ లాభం ఎంతన్నది చాలామంది లెక్క వేయరు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో గరిమనాభి నేల నుంచి సుమారు 550 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, కారును 30 మిల్లీమీటర్లు దించినప్పుడు మలుపులో ఒరిగే బరువు తగ్గేది దాదాపు 5 శాతం. ట్రాక్ మీద ఆ 5 శాతం గెలుపోటములను నిర్ణయించవచ్చు. ఆఫీసుకు వెళ్లి వచ్చే దారిలో దానితో తేడా తెలియడం కష్టం.

చుట్ల లెక్క

కారును దించే పని వర్క్‌షాపులో మూడు నాలుగు రకాలుగా జరుగుతుంది. అన్నిటికంటే చవక గ్రైండర్. ఉన్న స్ప్రింగులోంచి ఒక చుట్టు కోసి పారేయడం. రెండోది గ్యాస్ మంటతో స్ప్రింగును ఎర్రగా కాల్చి కుంగదీయడం. మూడోది కంపెనీ స్ప్రింగు తీసేసి, పొట్టిగా, గట్టిగా తయారైన రెడీమేడ్ లోయరింగ్ స్ప్రింగులు వేయించడం. నాలుగోది, ఎత్తును మరతో పెంచుకోగల, తగ్గించుకోగల కాయిలోవర్లు. వీటి ఖరీదు ఎక్కువ.

చూడటానికి మెలి తిప్పిన ఇనుప కడ్డీలా ఉన్నా స్ప్రింగు వెనుక కచ్చితమైన గణితం ఉంది. దాని గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 12 మిల్లీమీటర్ల తీగ స్థానంలో 13 మిల్లీమీటర్ల తీగ వాడితే, మిగతావన్నీ అవే ఉన్నా, స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు తగ్గేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. ఆరు చుట్లలో ఒకటి కోస్తే 20 శాతం ఎక్కువ. కాబట్టి కోసిన స్ప్రింగు మెత్తబడుతుందన్నది అపోహ. అది గట్టిపడుతుంది. ప్రమాదం వేరే చోట ఉంది. కంపెనీ స్ప్రింగు చివరి చుట్టు తన గిన్నెలో సరిగ్గా కూర్చునేలా మలచి ఉంటుంది. కోసిన కొసకు ఆ ఆకారం ఉండదు. పైగా స్ప్రింగు పొట్టిదవుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాత పొడవే. చక్రం గుంతలోకి దిగినప్పుడు షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగితే, మధ్యలో పొట్టి స్ప్రింగు వదులై చోటు తప్పవచ్చు. వేగంగా పోతున్న కారులో అదే జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మంట పెట్టడం ఇంకా చేటు. స్ప్రింగు స్టీలుకు కాల్చి, చల్లార్చి, మళ్లీ లెక్క ప్రకారం వేడిచేసి సత్తువ తెప్పిస్తారు. గ్యాస్ మంట తగిలిన చోట ఆ సత్తువ పోతుంది. అక్కడ స్ప్రింగు క్రమంగా కుంగుతుంది లేదా ఒకనాడు విరుగుతుంది. నాలుగు స్ప్రింగులూ ఒకేలా కుంగాలన్న నియమం లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. ట్రాక్ మీది పులిని చూసి, ఇక్కడ అచ్చంగా ఇనుముకు వాత పెడుతున్నారు.

సగం చోటు, నాలుగింతల గట్టి

మరి మంచి రెడీమేడ్ స్ప్రింగులు కొంటే? దుకాణంలో ఎక్కువమంది అడిగే ప్రశ్న 'ఎంత దిగుతుంది?' అన్నదే. అడగాల్సింది 'దిగాక ఎంత చోటు మిగులుతుంది?' అని.

కారు నిలబడిన స్థితి నుంచి చక్రం పైకి కదలడానికి కొంత చోటు ఉంటుంది. అది అయిపోతే బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ తగులుతుంది. ఒక కారులో ఆ చోటు 80 మిల్లీమీటర్లు అనుకుందాం. కారును 40 మిల్లీమీటర్లు దించితే మిగిలేది సగం. గుంత మాత్రం సగం కాదు. అదే దెబ్బను సగం చోటులో ఇముడ్చుకోవాలంటే, షాక్ అబ్జార్బర్ పాత్రను పక్కన పెట్టి చూస్తే, స్ప్రింగు నాలుగింతలు గట్టిగా ఉండాలి. స్ప్రింగులో నిలిచే శక్తి అది అణిగిన దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఈ లెక్క. నాలుగింతల గట్టి స్ప్రింగుతో ఇంటిల్లిపాదీ ప్రయాణం చేయలేరు. మామూలు కార్ల స్ప్రింగులు సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా ఉంటాయి. నడక లయకు దగ్గరగా ఉండే ఆ ఊపు ఒంటికి హాయి. గట్టిదనం నాలుగింతలైతే ఊపు వేగం రెండింతలవుతుంది. అది రేసు కార్ల స్థాయి. అందుకని రోడ్డు కోసం అమ్మే స్ప్రింగులు ఓ మోస్తరుగానే గట్టిగా ఉంటాయి. మిగిలిన లోటు బంప్ స్టాప్ మీద పడుతుంది. కారు దించాక ప్రతి గుంతలో నడుముకు తగిలే ఆ ధన్‌మన్న దెబ్బ స్ప్రింగుది కాదు, దిమ్మది.

కొన్ని స్ప్రింగుల్లో చుట్ల మధ్య ఎడం ఒకవైపు దగ్గరగా, మరోవైపు దూరంగా ఉంటుంది. వీటిని ప్రోగ్రెసివ్ స్ప్రింగులంటారు. మొదట మెత్తగా అణిగి, బరువు పెరిగేకొద్దీ గట్టిపడతాయి. నగరంలో తిరిగే కారుకు ఇవి కొంత నయం. ఎలాంటి స్ప్రింగు వేసినా దాన్ని అదుపులో పెట్టాల్సింది షాక్ అబ్జార్బరే. మెత్తటి స్ప్రింగు కోసం తయారైన పాత షాక్ అబ్జార్బర్ గట్టి స్ప్రింగు విదిలింపును ఆపలేదు. కారు ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగు మార్చినప్పుడు దానికి తగ్గ పొట్టి షాక్ అబ్జార్బర్ కూడా మార్చాలి. ఆ పైన వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్ల కోణం సరిచూసుకోవాలి. స్ప్రింగుల డబ్బు మాత్రమే లెక్కేసుకున్నవారికి ఇక్కడ బడ్జెట్ తలకిందులవుతుంది.

చాలా చిన్న కార్ల ముందు చక్రాలకు ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో మరో తిరకాసు ఉంది. కారును దించినప్పుడు అడుగు చేతులు చక్రం వైపు పైకి లేస్తాయి. దాంతో, మలుపులో కారు బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గరిమనాభి కంటే ఎక్కువగా దిగిపోతుంది. వాటి మధ్య దూరం పెరుగుతుంది. పట్టు కోసం దించిన కారు, ఒక హద్దు దాటాక, మలుపులో మునుపటికంటే ఎక్కువ ఒరగడానికి సిద్ధపడుతుంది. స్ప్రింగు గట్టిదనం దాన్ని కొంత కప్పిపుచ్చుతుంది, అంతే.

4 మిల్లీమీటర్ల పాఠం

ఈ లెక్కలన్నీ తెలిసినవాళ్లు రోడ్డు కారును ఎంత దించారు? జవాబు కోయంబత్తూరులోనే ఉంది. మాజీ రేసర్ జె. ఆనంద్ స్థాపించిన జయెం ఆటోమోటివ్స్ ఇక్కడి సంస్థ. టాటా మోటార్స్‌తో కలిసి అది 2018 అక్టోబర్‌లో టియాగో జేటీపీ, టిగోర్ జేటీపీ అనే రెండు జోరు కార్లను బజారులోకి తెచ్చింది. 1.2 లీటర్ల టర్బో ఇంజన్, సుమారు 114 పీఎస్ శక్తి. సస్పెన్షన్‌ను రేసు అనుభవంతో కొత్తగా తీర్చిదిద్దారు. కారు ఎత్తును తగ్గించింది మాత్రం 4 మిల్లీమీటర్లే. రెండు మూడు రూపాయి నాణేలు ఒకదానిపై ఒకటి పెట్టినంత మందం.

ట్రాక్ పక్కనే ఉంది. అనుభవం ఉంది. కారు కంపెనీ అండ ఉంది. అయినా వాళ్లు 4 దగ్గర ఆగారు. గట్టిదనం, షాక్ అబ్జార్బర్ల బిగువు, టైర్లు సరిచూసుకుంటే పట్టు దానంతట అదే వస్తుందనీ, ఎత్తును ముట్టుకోవాల్సిన అవసరం అంతగా లేదనీ ఆ అంకె చెప్పకనే చెబుతోంది. 2020లో ఆ కార్ల తయారీ ఆగిపోయింది. పాఠం మాత్రం మిగిలింది. వర్క్‌షాపుకు వచ్చే కుర్రాడు అడిగేది 40 మిల్లీమీటర్లు. అంటే పది రెట్లు.

గతుకుల జాతకం

ఆ 40 ఎక్కడ ఖర్చవుతుందో రోడ్డెక్కితే తెలుస్తుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువ వాటికి నేల నుంచి 160-170 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. 165 నుంచి 40 తీసేస్తే 125. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే వెనుక భాగం మరో మూడు నాలుగు సెంటీమీటర్లు కుంగుతుంది. మిగిలేది తొమ్మిది సెంటీమీటర్లు, అదీ కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల ప్రకారం, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. అలాంటి నున్నటి మిట్ట మీద ముందు, వెనుక చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కి ఉంటాయి. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లున్న చిన్న కారు పొట్టకు అక్కడ కావాల్సిన ఎడం నాలుగైదు సెంటీమీటర్లు మించదు. అంటే నిబంధనల ప్రకారం కట్టిన మిట్టను దించిన కారు కూడా మెల్లగా దాటగలదు.

మన ఊళ్లలో మిట్టలు అలా ఉంటే గొడవే లేదు. కోయంబత్తూరు శివార్లలోనైనా, గుంటూరు పక్క పల్లెలోనైనా ఒక ప్రమాదం జరగగానే రాత్రికి రాత్రి లేచే స్పీడ్ బ్రేకర్‌కు ఏ కొలతా ఉండదు. వెడల్పు మీటరు లోపు, ఎత్తు మేస్త్రీ దయ. దాని మీద కారు ముందు చక్రాలు దిగిపోయాక, వెనుక చక్రాలు ఇంకా ఎక్కక ముందే, పొట్ట నేరుగా మిట్ట మీదికి వస్తుంది. మిట్ట 15 సెంటీమీటర్లు ఉండి, ఎడం తొమ్మిదే ఉంటే తగిలేది ఇంజన్ ఆయిల్ చాంబరో, సైలెన్సర్ గొట్టమో. ఆయిల్ కారిపోయిన సంగతి గమనించకుండా నాలుగు కిలోమీటర్లు నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. స్ప్రింగుల మీద పెట్టిన ఖర్చుకు ఇంజన్ ఖర్చు తోడు.

వాళయార్ అవతల

నగరం నుంచి పడమరగా బయల్దేరితే పడమటి కనుమల మధ్య పాలక్కాడ్ కనుమ. వాళయార్ దాటితే కేరళ. కార్ల అలంకారాలకూ, మార్పులకూ దేశంలో పేరుమోసిన రాష్ట్రం అది. వాటిపై రవాణా శాఖ కన్ను పడేదీ అక్కడే. ఈ విషయంలో దేశమంతటికీ వర్తించే తీర్పు కూడా కేరళ హైకోర్టు నుంచి వెళ్లిన అప్పీలు మీదే వచ్చింది. తయారీదారు నిర్దేశించిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దానికి ఆధారం. వివాదం వాహనాల నిర్మాణంలో మార్పుల గురించే అయినా, ఆ మాట విడిభాగాలు మార్చుకునే ప్రతి యజమానికీ హెచ్చరిక అయింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన సెక్షన్ 182ఎ, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చంటోంది. బయటి భాగాలు బిగించడం కూడా అందులోకి వస్తుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిముకు అడ్డుపడే అవకాశం ఉంది.

కాబట్టి ఇన్ని లెక్కల తర్వాత తేలేది ఇది. స్ప్రింగును కోయడం, కాల్చడం జోలికి పోకూడదు. దించి తీరాలనుకుంటే ముందు అనుమతి సంగతి ఆర్టీఓ దగ్గర, బీమా కంపెనీ దగ్గర తేల్చుకోవాలి. ఆ కారు మోడల్ కోసమే తయారైన స్ప్రింగునే, దానికి జోడీ షాక్ అబ్జార్బర్లతో కలిపి ఎంచుకోవాలి. కొలత చూసుకోవాల్సింది ఖాళీ కారుతో కాదు, ఇంటిల్లిపాదీ ఎక్కాక. మలుపులో పట్టే కావాలంటే మొదట మంచి టైర్లు, అరిగిన షాక్ అబ్జార్బర్ల స్థానంలో కొత్తవి. చాలా కార్లకు ఆ రెండింటితోనే జబ్బు నయమవుతుంది.

చెట్టిపాళయం దారిలో రేసుకు ముందు రోజు కనిపించే దృశ్యం ఈ మాటకు సాక్ష్యం. నేలకు అంగుళాల ఎడంతో తయారైన కార్లు ట్రాక్‌కు చేరేది తమ చక్రాల మీద కాదు. తాళ్లతో బిగించి, ట్రాలీల మీద, లారీల మీద ఎక్కించి తీసుకొస్తారు. కోయంబత్తూరులోకెల్లా కిందికి దిగిన కార్లు ఊరి స్పీడ్ బ్రేకర్లను దాటేది లారీ ఎక్కే.